395 ఛానెల్: సబ్‌గ్రిడ్ మోడళ్లతో కుస్తీ, నా ప్రాజెక్టు డైరీ

మార్చి ఆఖరు

రెండు సమాంతర పలకల మధ్య ద్రవం టర్బులెంట్‌గా, అంటే సుడులు తిరుగుతూ, పారుతుంటుంది. దాన్ని లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్‌తో, అంటే ఎల్‌ఈఎస్‌తో, ఇంట్లో ఉన్న ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్ మీద లెక్క కట్టాలి. సబ్‌గ్రిడ్ మోడల్‌ని మాత్రమే మారుస్తూ పోవాలి, మిగతాది ఏదీ కదపకూడదు. ఏ మోడల్ ప్రవాహాన్ని ఏం చేస్తుందో అంకెల్లో చూడాలి. ప్రాజెక్టు ఇంతే. సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్, ప్రవాహాలని లెక్కించే ఉచిత ప్రోగ్రామ్.

ఈ పలకల మధ్య దారినే ఛానెల్ అంటారు. దీన్ని ఎంచుకోవడానికి కారణం, సరిచూసుకునే జవాబు ముందే ఉండటం. 1987లో కిమ్, మొయిన్, మోజర్ ఈ ప్రవాహాన్ని ఏ మోడలూ లేకుండా, అతి చిన్న సుడి దాకా నేరుగా లెక్కించారు. ఆ పద్ధతినే డీఎన్‌ఎస్ అంటారు. వాళ్ల గ్రిడ్‌లో దాదాపు 40 లక్షల బిందువులు, ప్రవాహం ఎంత టర్బులెంటో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య, గోడ ఘర్షణతో కొలిస్తే, 180. తర్వాత 1999లో మోజర్, కిమ్, మన్సూర్ అదే పనిని 395కి, 590కి తీసుకెళ్లారు. ఆ డేటా ఎవరైనా దించుకోవచ్చు. 180 దగ్గర గోడ ప్రభావం మరీ లోపలి దాకా పాకుతుంది, మోడల్‌కి పెద్ద పని దొరకదు. 590కి నా మెషీన్ చాలదు. అందుకే 395.

ఎల్‌ఈఎస్ పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. గ్రిడ్‌ని జల్లెడ అనుకోండి. పెద్ద సుడులు పైన నిలబడతాయి, వాటిని సమీకరణాలతో నేరుగా లెక్కిస్తాం. గడి కంటే చిన్నవి కిందికి జారిపోతాయి. జారిపోయాయి కదా అని వదిలేయడానికి లేదు. పెద్ద సుడుల శక్తిని లాక్కుని చివరికి వేడిగా మార్చేది ఆ చిన్నవే. ఆ దారి మూసుకుపోతే శక్తి గడి సైజు దగ్గరే పేరుకుపోయి లెక్కంతా గజిబిజి అవుతుంది. అందుకని ఆ చిన్న సుడులు చేయాల్సిన పనిని చేసిపెట్టే పదాన్ని సమీకరణంలో మనమే చేర్చాలి. దాన్నే సబ్‌గ్రిడ్ మోడల్ అంటారు. ఎక్కువ మోడళ్లు దాన్ని అదనపు విస్కాసిటీ (చిక్కదనం) రూపంలో, అంటే ఎడ్డీ విస్కాసిటీగా చేరుస్తాయి. ఎంత చేర్చాలి, ఎక్కడ చేర్చాలి అన్న దగ్గరే గొడవంతా.

ఏప్రిల్ మొదటి వారం

మెష్, అంటే గడుల అల్లిక, అయిపోయింది. సగం ఎత్తు 1 మీటరు, అంటే గోడకీ గోడకీ మధ్య 2 మీటర్లు. పొడవు 6.28, వెడల్పు 3.14. డీఎన్‌ఎస్ వాళ్లు 395కి వాడిన నిష్పత్తులే. మూడు దిశల్లోనూ 64 గడులు, మొత్తం 2,62,144. వాళ్లవి 256, 193, 192, అంటే సుమారు 95 లక్షలు. గోడని ఆనుకున్న గడి ఎత్తు 0.005 మీటర్లు. అక్కడి నుంచి ఒక్కో గడి ముందుదాని కంటే పది శాతం పెద్దది. 32 గడులు పేర్చేసరికి ఛానెల్ నడిమికి చేరతాం.

విస్కాసిటీ 0.00002, సగటు వేగం సెకనుకు 0.1335 మీటర్లు. ఇవి ఓపెన్‌ఫోమ్‌తో వచ్చే ఛానెల్ ట్యుటోరియల్‌లో ఉన్న అంకెలే, మార్చాల్సిన అవసరం కనపడలేదు. 395 రావాలంటే ఘర్షణ వేగం, అంటే గోడ ఘర్షణని వేగం రూపంలో చెప్పే అంకె, 0.0079 రావాలి. గోడ యూనిట్లలో, అంటే దూరాన్ని ఘర్షణ వేగంతో గుణించి విస్కాసిటీతో భాగిస్తే, గడి పొడవు 39, వెడల్పు 19, మొదటి గడి కేంద్రం 1 దగ్గర. ఎల్‌ఈఎస్‌కి ఇది మధ్యరకం మెష్. మరీ మంచి మెష్ వేస్తే అన్ని మోడళ్లూ ఒకేలా కనిపిస్తాయి, ఇక పోల్చడానికేం మిగలదు.

ప్రవాహం ఆగిపోకుండా ఉండాలంటే ఒత్తిడి కావాలి. సగటు వేగాన్ని బిగించి పెడితే సాల్వర్ ప్రతి స్టెప్పులోనూ ప్రెషర్ గ్రేడియంట్‌ని సర్దుకుంటూ పోతుంది, దాన్ని లాగ్‌లో ఒక లైనుగా ముద్రిస్తుంది కూడా. నాకు అన్నిటికంటే పనికొచ్చే లైను అదే. ప్రవాహం నిలకడకి వచ్చాక ఆ అంకె ఘర్షణ వేగం వర్గానికి సమానం కావాలి, అంటే 0.0000624. టర్బులెన్స్ మొత్తం చచ్చిపోయి లామినార్‌గా, అంటే సుడుల్లేని నున్నటి పారుదలగా, మారిపోతే అది 0.000008కి పడిపోతుంది. అప్పుడు రేనాల్డ్స్ సంఖ్య 141. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అంటించాను. ఏ రన్ చూసినా మొదట చూసేది ఇదే: రెండిటి మధ్య ఎక్కడున్నాం?

ప్రవాహాన్ని టర్బులెంట్‌గా మొదలుపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. వేగం మీద ఊరికే ర్యాండమ్ నాయిస్ చల్లితే అందులో ఎక్కువ భాగం గడి సైజులోనే ఉంటుంది. విస్కాసిటీ దాన్ని కాసేపట్లో మింగేస్తుంది, ప్రవాహం నున్నగా లామినార్ వైపు వెళ్లిపోతుంది. గోడ దగ్గర టర్బులెన్స్ బతికేది చారల మీద. నెమ్మదిగా పోయే చార, వేగంగా పోయే చార, మళ్లీ నెమ్మది, ఇలా అడ్డంగా సుమారు 100 గోడ యూనిట్లకి ఒకసారి పునరావృతం అవుతుంది. నా పెట్టె వెడల్పు 1240 యూనిట్లు కాబట్టి పన్నెండు జతలు పడతాయి. చిన్న పైథాన్ స్క్రిప్టుతో ఆ చారలు గీసి, వాటిని అటూ ఇటూ కాస్త ఊపే అలని జోడించాను. ప్రెషర్ గ్రేడియంట్ మొదట దిగి, తర్వాత ఒక్కసారిగా పైకి లేచి, ఊగుతూ నిలబడింది. చారలు విరిగి నిజమైన సుడులు పుట్టాయన్నమాట. ఈ స్థితిని సేవ్ చేసి పెట్టుకున్నాను. ఇకమీద ప్రతి మోడలూ ఇక్కడి నుంచే మొదలు.

ఏప్రిల్ రెండో వారం: స్మగోరిన్‌స్కీ

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నే లేదు. జోసెఫ్ స్మగోరిన్‌స్కీ 1963లో భూగోళం మొత్తం మీది గాలుల కదలికని కంప్యూటర్‌లో లెక్కించే ప్రయత్నంలో ఈ మోడల్‌ని రాశాడు. పైపుల కోసమో విమానాల కోసమో కాదు, వాతావరణం కోసం. గడి పొడవుని ఒక స్థిరాంకంతో గుణించి, వర్గం చేసి, స్థానికంగా ద్రవం ఆకారం ఎంత వేగంగా మారుతోందో చెప్పే స్ట్రెయిన్ రేటుతో మళ్లీ గుణిస్తే ఎడ్డీ విస్కాసిటీ వస్తుంది. 1967లో డగ్లస్ లిల్లీ, సుడుల సైజుని బట్టి శక్తి ఎలా పంచుకుంటుందో చెప్పే కోల్మగొరోవ్ నియమం ఆధారంగా ఆ స్థిరాంకం 0.17 దగ్గర ఉండాలని చూపించాడు. ఓపెన్‌ఫోమ్ దీన్ని రెండు వేరే స్థిరాంకాలుగా, 0.094, 1.048గా, ఇస్తుంది. వాటి నుంచి వెనక్కి లెక్క కడితే 0.168 వస్తుంది. అంటే లిల్లీ అంకే.

1970లో డియర్‌డార్ఫ్ ఛానెల్ ప్రవాహానికి మొట్టమొదటి ఎల్‌ఈఎస్ చేశాడు. 6,720 గ్రిడ్ బిందువులు. నా మెష్‌లో గోడని ఆనుకున్న ఒక్క పొరలోనే, రెండు గోడలూ కలిపితే, 8,192 గడులున్నాయి. ఆయనకి 0.17 పనికిరాలేదు, 0.1కి దించుకోవాల్సి వచ్చింది. ఎందుకో రన్ కొట్టకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. చేసి చూద్దాం.

గోడ దగ్గర వేగం నిటారుగా పెరుగుతుంది. ఘర్షణ వేగం వర్గాన్ని విస్కాసిటీతో భాగిస్తే అక్కడి స్ట్రెయిన్ రేటు: 0.0000624ని 0.00002తో భాగిస్తే 3.12. ఛానెల్ మొత్తంలో ఇదే అతి పెద్ద స్ట్రెయిన్. ఆ గడి కొలతలు 0.098, 0.005, 0.049. మూడూ గుణించి ఘనమూలం తీస్తే 0.0289. దాన్ని 0.168తో గుణించి వర్గం చేస్తే 0.0000236. స్ట్రెయిన్‌తో గుణిస్తే 0.0000735. ద్రవం సొంత విస్కాసిటీతో పోలిస్తే ఇది 3.7 రెట్లు.

గోడ దగ్గర సుడి అనేది ఉండనే ఉండదు. గోడని తాకిన ద్రవం కదలదు, దాని పక్కనున్నది గోడలోకి చొచ్చుకుపోలేదు. ఎడ్డీ విస్కాసిటీ అక్కడ సున్నా కావాలి. అది కూడా గోడ నుంచి దూరం ఘనంతో పాటు సున్నాకి పడాలి. స్మగోరిన్‌స్కీ మోడల్ మాత్రం సరిగ్గా అక్కడే ద్రవాన్ని దాదాపు ఐదు రెట్లు చిక్కగా చేసి పెడుతోంది. దానికి సుడికీ సుడి లేని కోతకీ (పొర మీద పొర జారడానికీ) తేడా తెలియదు, స్ట్రెయిన్ కనిపిస్తే చాలు పనిలోకి దిగిపోతుంది. డియర్‌డార్ఫ్ వాడిన 0.1 పెట్టినా నా మెష్‌కి 1.3 రెట్లు వస్తుంది. తగ్గింది, పోలేదు.

ఇంకో చిక్కు కూడా ఇందులోనే దాగి ఉంది. గడి పొడవు అంటే ఏ పొడవు? గోడ దగ్గర గడి పలుచటి బిళ్లలా ఉంది, పొడవుకీ ఎత్తుకీ ఇరవై రెట్ల తేడా. ఘనమూలం బదులు అతి పెద్ద కొలతని తీసుకుంటే ఎడ్డీ విస్కాసిటీ పదకొండు రెట్లు పెరుగుతుంది. స్థిరాంకం 0.17 ఉండాలా 0.16 ఉండాలా అని పేజీలకు పేజీలు చర్చించినవాళ్లు కూడా దీన్ని ఒక్క లైనులో దాటేస్తుంటారు. నా లెక్కలో స్థిరాంకం కంటే ఇదే పెద్ద ప్రశ్న.

రన్ కూడా కాగితం చెప్పినట్టే వచ్చింది. ప్రెషర్ గ్రేడియంట్ మొదటి నుంచీ కిందికే. లామినార్ అంకె దాకా జారలేదు గానీ 0.0000624కి చాలా దూరంలో ఆగిపోయింది. గోడకి సమాంతరంగా కోసి వేగాన్ని రంగుల్లో చూస్తే అంతా వెడల్పాటి, మెత్తటి పట్టీలే. నేను పెట్టిన పన్నెండు జతల చారల్లో చాలా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

ఏప్రిల్ మూడో వారం

సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోతుంది, డెస్క్‌టాప్‌ని మోయలేదు. ఛానెల్ రన్‌లో మంచి విషయం, చివరగా సేవ్ అయిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. సగటులు తీసే ఫైళ్లు కూడా సేవ్ అవుతున్నాయో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. అవి లేకపోతే ప్రవాహం దొరుకుతుంది, గణాంకాలు మళ్లీ మొదటి నుంచి పోగేసుకోవాలి.

వాన్ డ్రీస్ట్ డ్యాంపింగ్ చేర్చాను. ఎల్‌ఈఎస్ అన్న మాటే లేని 1956 నాటి ఆలోచన ఇది. గోడ దూరాన్ని గోడ యూనిట్లలో తీసుకుని, 26తో భాగించి, ఎక్స్‌పొనెన్షియల్‌లో పెట్టి, పొడవుని తగ్గించుకుంటూ పోవడం. పుస్తకాల్లో ఉండే రూపంతో లెక్కిస్తే నా మొదటి గడిలో 3.7 కాస్తా 0.005కి పడిపోతుంది. ఓపెన్‌ఫోమ్‌లో రూపం కొంచెం వేరు, గోడ దూరాన్ని కూడా కలుపుకుని ఇంకా గట్టిగా నొక్కుతుంది. రన్ వెంటనే ఊపిరి పోసుకుంది. గ్రేడియంట్ లేచింది, చారలు సన్నబడ్డాయి.

పని చేస్తుంది, నాకు మాత్రం నచ్చలేదు. దీనికి గోడ ఎంత దూరంలో ఉందో చెప్పాలి, గోడ మీద ఘర్షణ ఎంతో కూడా చెప్పాలి. ఛానెల్‌లో రెండూ తెలుసు కాబట్టి సరిపోయింది. ప్రవాహం గోడని వదిలి విడిపోయే చోట ఘర్షణ సున్నా అవుతుంది, అక్కడ గోడ యూనిట్ అన్నదానికి అర్థమే ఉండదు. జవాబు ముందే తెలిసిన చోట మాత్రమే పనిచేసే మందు ఇది.

ఏప్రిల్ చివర: వేల్

నికూ, డ్యుక్రో 1999లో ప్రతిపాదించిన వేల్ మోడల్‌లో గోడ దూరం అక్కర్లేదు. దాని కిటుకు చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను, అంత చిన్నది.

గోడ దగ్గర ప్రవాహంలో ప్రధానంగా ఒకే ఒక మార్పు: ప్రవాహ దిశలోని వేగం, గోడకి దూరం జరిగేకొద్దీ పెరగడం. వేగపు గ్రేడియంట్లన్నీ తొమ్మిది గదుల మాత్రికలో రాస్తే మొదటి వరస రెండో గదిలో ఒక అంకె, మిగతా ఎనిమిదీ సున్నాలు. ఆ మాత్రికని దానితోనే గుణించండి. ఫలితం మొత్తం సున్నాలే. చేత్తో చేసుకోవచ్చు, అర నిమిషం పని. స్మగోరిన్‌స్కీ ఈ మాత్రికలోని సౌష్టవ భాగాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి దానికి 3.12 కనిపిస్తుంది. వేల్ ఈ వర్గం చేసిన మాత్రికని చూస్తుంది కాబట్టి శుద్ధమైన కోత ఉన్న చోట దానికేమీ కనిపించదు. సుడి తిరిగితేనే, అంటే మిగతా గదుల్లో కూడా అంకెలు పడితేనే, అది లేస్తుంది. ఘాతాలని కూడా జాగ్రత్తగా ఎంచుకున్నారు, గోడ దగ్గర ఎడ్డీ విస్కాసిటీ దూరం ఘనంతో తగ్గేలా.

దీనికీ గుడ్డి చుక్క ఉంది. ద్రవం మొత్తం గట్టి వస్తువులా గిర్రున తిరుగుతుంటే, లోపల సాగుడేమీ లేకపోయినా, వేల్ ఎడ్డీ విస్కాసిటీని చేరుస్తుంది. ఛానెల్‌లో ఆ బాధ లేదు. సైక్లోన్ సెపరేటర్ లాంటి వాటిలో ఉంటుంది.

రన్‌లో గోడ దగ్గర ఎడ్డీ విస్కాసిటీ లాగరిథమ్ స్కేలు మీద గీస్తే ఘనపు వాలు స్పష్టంగా కనపడింది. ఘర్షణ వేగం ఇంకా 0.0079కి కిందే ఉంది. ప్రవాహ దిశలోని వేగపు ఒడిదుడుకుల శిఖరం డీఎన్‌ఎస్ కంటే ఎత్తుగా, గోడ నుంచి కాస్త దూరంగా వచ్చింది. మిగతా రెండు దిశల ఒడిదుడుకులు తక్కువ. ఇది మధ్యరకం మెష్ సంతకం. 19 యూనిట్ల వెడల్పు గడితో 100 యూనిట్ల చారని పట్టుకుంటే ఐదు గడులే వస్తాయి. చారలు ఉండాల్సిన దానికంటే వెడల్పుగా, బలంగా తయారవుతాయి. ఇందులో మోడల్ చేయగలిగింది తక్కువ.

మే మొదటి వారం: డైనమిక్

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోంది, రన్‌లు రాత్రికి మార్చేశాను.

స్థిరాంకం ఎంతో మనం చెప్పడం ఎందుకు, ప్రవాహాన్నే అడుగుదాం అన్నది 1991లో జెర్మానో, పియోమెల్లి, మొయిన్, కాబట్ తెచ్చిన ఆలోచన. ఇప్పటికే లెక్కించిన వేగాలని రెండింతల పెద్ద కన్నాలున్న మరో ఫిల్టర్‌లోంచి పంపాలి. ఆ రెండు ఫిల్టర్ల మధ్య దొరికే సుడులు మన చేతిలోనే ఉన్నాయి, అవి పుట్టించే ఒత్తిడిని (ప్రెషర్ కాదు, స్ట్రెస్) ఉన్నది ఉన్నట్టుగా లెక్కించవచ్చు. మోడల్ ఆ జవాబునే ఇవ్వాలంటే స్థిరాంకం ఎంత ఉండాలి? ఆ సమీకరణాన్ని విప్పడమే. సమీకరణాలు ఐదు, తెలియనిది ఒకటి. లిల్లీ 1992లో కనిష్ఠ వర్గాల పద్ధతితో దాన్ని పరిష్కరించాడు.

చదవడానికి ముచ్చటగా ఉంటుంది, నడపడానికి మొండిది. పాయింటు పాయింటుకీ వచ్చే స్థిరాంకం అడ్డదిడ్డంగా ఎగురుతుంది, చాలా చోట్ల రుణాత్మకం. శక్తి చిన్న సుడుల నుంచి పెద్దవాటికి వెనక్కి రావడం ప్రకృతిలో ఉన్నదే, అందుకని రుణాత్మకం తప్పు కాదు. ఒకే చోట ఎక్కువసేపు రుణాత్మక విస్కాసిటీ ఉంటే మాత్రం లెక్క పేలిపోతుంది. ఛానెల్‌లో గోడకి సమాంతరమైన తలం మొత్తం మీద సగటు తీస్తే సరిపోతుంది, మొదట్లో అలాగే చేశారు. ఓపెన్‌ఫోమ్‌లో సిద్ధంగా ఉన్నది 1996 నాటి మెనవో, లండ్, కాబట్ రూపం. తలం మీద కాకుండా ద్రవపు ముక్క నడిచొచ్చిన దారి వెంబడి సగటు తీస్తుంది, దాని కోసం రెండు అదనపు సమీకరణాలు నడుపుతుంది. ఆకారం ఎలా ఉన్నా పనిచేస్తుంది కాబట్టి అదే తీసుకున్నాను. వాటి రెండు ఫీల్డ్ ఫైళ్లు మొదటి టైమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.

ఈ రన్‌ని రాత్రంతా వదిలేసి పొద్దున్నే స్థిరాంకాన్ని గోడ దూరం మీద గీసి చూశాను. గోడ దగ్గర అది తనంతట తానే సున్నా వైపు వంగిపోయింది. 26 అన్న అంకె ఎవరూ చెప్పలేదు, గోడ ఎక్కడుందో కూడా మోడల్‌కి తెలియదు. నడిమిలో లిల్లీ అంకె కంటే తక్కువగా, డియర్‌డార్ఫ్ సర్దుకున్న 0.1 దాపుల్లో తిరిగింది. ఆయన 6,720 బిందువులతో చేత్తో సర్దుకున్న అంకెని ప్రవాహమే మళ్లీ చెప్పడం చూసి ముచ్చటేసింది.

ఖర్చు మాత్రం బాగానే పెరిగింది. సగటు వేగం గ్రాఫ్‌లో వేల్‌కీ దీనికీ ఉన్న తేడా గీత మందం కంటే కాస్త ఎక్కువ, అంతే.

మే మధ్య

పైచదువు ఇదే సబ్జెక్టులో చేసిన సీనియర్ ఒకాయన ఉన్నారు. ఫోన్ చేసి, “అన్నా, డైనమిక్ కాస్త మెరుగు, వేల్ చవక. రిపోర్టులో ఏది సిఫార్సు చెయ్యమంటారు?” అని అడిగాను.

“మోడల్ లేకుండా నడిపావా?”

“లేదన్నా.”

“ముందు అది నడపరా. తర్వాత మాట్లాడదాం.”

నడిపాను. ఎడ్డీ విస్కాసిటీ సున్నా, మిగతాదంతా అదే. పేలిపోతుందేమోనని కాస్త టెన్షన్ పడ్డాను గానీ పేలలేదు. ఘర్షణ వేగం అన్ని మోడళ్ల కంటే 0.0079కి దగ్గరగా వచ్చింది. అన్నిటి కంటే.

అంకెలు చూసి మోడళ్లన్నీ దండగ అనుకోవడం తేలిక. స్పెక్ట్రమ్, అంటే ఏ సైజు సుడిలో ఎంత శక్తి ఉందో చూపే గ్రాఫ్, గీస్తే సంగతి వేరు. గడి సైజుకి దగ్గరైన చివరి తరంగసంఖ్యల్లో, అంటే అతి చిన్న సుడుల్లో, శక్తి కిందికి దిగాల్సింది పోయి తోక పైకెత్తింది. పోవడానికి దారి లేక అక్కడే పేరుకుంది. ఆ గజిబిజి గోడ దగ్గర కలిపేయడాన్ని పెంచుతుంది, ఘర్షణ పెరుగుతుంది. మరోవైపు గడి వెడల్పు చాలక చారలు సరిగా పట్టకపోవడం ఘర్షణని తగ్గిస్తుంది. రెండు లోపాలు ఎదురెదురు దిక్కుల్లో లాగి, ఈ మెష్ మీద దాదాపు రద్దయ్యాయి. మెష్ మారిస్తే ఈ రద్దు నిలవాలన్న హామీ లేదు. మేయర్స్, సగో 2007లో సరిగ్గా ఇదే చూపించారు. పలు మెష్‌ల మీద మోడల్ లేకుండా ఛానెల్‌ని నడిపితే, కొన్ని ప్రత్యేకమైన గడి పొడవు, వెడల్పుల జతల దగ్గర గోడ ఘర్షణ కచ్చితంగా వచ్చేస్తుంది. మోడల్స్‌ని పరీక్షించడానికి ఛానెల్ అనుకున్నంత మంచి చోటు కాదన్నది వాళ్ల హెచ్చరిక. జవాబు తెలిసిన ప్రవాహం కదా అని నేను దీన్ని ఎంచుకుంటే, ఇది అడ్డదారిలో కూడా జవాబు ఇచ్చేసే రకం.

ఆ తర్వాత చేసిన రన్ ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు పెద్దది. మోడల్ లేకుండానే ఉంచి, వేగాన్ని గడి అంచుకి తీసుకెళ్లే స్కీమ్‌ని మార్చాను. ఇప్పటిదాకా వాడింది లీనియర్, అంటే ఇరుపక్కల గడుల సగటు. దాని బదులు లస్ట్ పెట్టాను: 75 శాతం లీనియర్, 25 శాతం ప్రవాహం వచ్చే వైపుకి మొగ్గే అప్‌విండ్. పరిశ్రమలో చాలామంది సురక్షితం అని ఎంచుకునే స్కీమ్ ఇదే. స్పెక్ట్రమ్ తోక వెంటనే దిగిపోయింది, ఘర్షణ వేగమూ దిగిపోయింది. వేల్ నుంచి డైనమిక్‌కి మారినప్పుడు వచ్చిన తేడా కంటే ఈ ఒక్క లైను తెచ్చిన తేడా స్పష్టంగా పెద్దది. ఆ పైన వేల్ కూడా పెడితే శక్తిని రెండు చోట్ల నుంచి తోడేస్తున్నట్టయింది, ఘర్షణ ఇంకా పడింది.

కాబట్టి సీనియర్‌ని అడిగిన ప్రశ్నే తప్పుగా ఉంది. ఏ మోడల్ మంచిది అన్నదానికి విడిగా జవాబు లేదు. మోడల్, గడి, స్కీమ్ మూడూ కలిసి ఒకే ఫిల్టర్. 25 శాతం అప్‌విండ్ పెట్టుకుని ఎడ్డీ విస్కాసిటీ స్థిరాంకాన్ని మూడో దశాంశం దాకా సర్దే రిపోర్టులు చాలానే కనిపిస్తాయి. ఆ అప్‌విండ్ ఎంత శక్తి తింటుందో ఒక్క గ్రాఫ్ గీసి చూపించని రిపోర్టుని నేనైతే నమ్మను.

మే చివర

ఏ రన్‌నైనా నమ్మే ముందు నేను చూసేది ఒకటుంది. గోడ దగ్గర నుంచి నడిమి దాకా మొత్తం కోత ఒత్తిడి సరళరేఖలో సున్నాకి దిగాలి. ఇది మోడల్‌తో సంబంధం లేని నియమం, బలాల సమతూకం. సగం దూరంలో అది గోడ దగ్గరి విలువలో కచ్చితంగా సగం ఉండాలి. కనిపించే సుడుల వాటా, ద్రవపు విస్కాసిటీ వాటా, మోడల్ వాటా మూడూ కూడి గీసి సరళరేఖ మీద పెడితే, రేఖ వంకరగా ఉందంటే సగటు ఇంకా చాలలేదని. సగం ఎత్తుని ఘర్షణ వేగంతో భాగిస్తే వచ్చే కాలం 127 సెకన్లు. దానికి కనీసం ఇరవై రెట్లు, అంటే 2,500 సెకన్లు, 0.2 సెకన్ల స్టెప్పుతో 12,500 స్టెప్పులు సగటు తీస్తే తప్ప నా రేఖలు తిన్నగా రాలేదు. రెండు గోడలనీ కలిపి సగటు తీస్తే కొంత కలిసొస్తుంది.

ఆ గ్రాఫ్‌లోనే ఇంకోటి కనపడుతుంది. వేల్ రన్‌లో మోడల్ సొంతంగా మోసే కోత ఒత్తిడి మొత్తంలో చాలా చిన్న ముక్క. మోడల్ పని ఒత్తిడి మోయడం కాదు, శక్తిని తోడటం. శక్తి లెక్క గీస్తేనే దాని వాటా తెలుస్తుంది. డ్యాంపింగ్ లేని స్మగోరిన్‌స్కీలో మాత్రం గోడ పక్కన మోడల్ వాటా ద్రవపు సొంత వాటాని మించిపోయింది. కాగితం మీద 3.7 చెప్పింది ఇదే.

జూన్

మెష్ పెంచాను: 128, 96, 128. మొత్తం 15,72,864 గడులు. గడి పొడవు 19 యూనిట్లు, వెడల్పు 10కి లోపు. గడులు ఆరు రెట్లు, టైమ్ స్టెప్ సగం, అంటే పని పన్నెండు రెట్లు. ఎనిమిది కోర్ల మీద ఇది రాత్రికి తేలే పని కాదు. వేల్, మోడల్ లేనిది, రెండే నడుపుతున్నాను. లీనియర్ స్కీమే.

వేల్ రన్ ముందు ముగిసింది. ఘర్షణ వేగం 0.0079కి బాగా దగ్గరికి జరిగింది, ఒడిదుడుకుల శిఖరం ఎత్తు దిగి గోడ వైపుకి వచ్చింది, చారలు సన్నగా తేలాయి. ఎడ్డీ విస్కాసిటీ గ్రాఫ్ మొత్తం కిందికి దిగింది. గడి చిన్నదైతే మోడల్ దానంతటదే తప్పుకోవాలి, తప్పుకుంది. మోడల్ లేని రన్ ఇంకా సగటుల దశలో ఉంది, గ్రేడియంట్ ఇప్పటికి 0.0000624కి కొంచెం పైన ఊగుతోంది. సరళరేఖ ఇంకా తిన్నగా రాలేదు కాబట్టి ఆ అంకెని పట్టుకుని ఏమీ చెప్పను. అది నిలబడ్డాక ఇదే మెష్ మీద లస్ట్ పెట్టి, స్కీమ్ తినే శక్తినీ మోడల్ తినే శక్తినీ పక్కపక్కన గీయాలి. దానికి గతిజశక్తి సమీకరణంలోని పదాలని ఒక్కొక్కటిగా బయటికి తీసే ఫంక్షన్ ఆబ్జెక్ట్, అంటే రన్ నడుస్తుండగానే లెక్క కట్టే చిన్న కోడ్, రాస్తున్నాను. ప్రెషర్ పదం ఇంకా సున్నాకి కూడటం లేదు, గోడ దగ్గరి గడుల్లోనే తేడా వస్తోంది.